రెండు పొయ్యి మీద, ఒకటి చేతిలో

మా ఓనర్ ఆంటీ పోయింది. ఆ సంగతి నాకు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. మాది మందుల కంపెనీ. లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు, సెక్యూరిటీ దగ్గర పెట్టి డ్యూటీ దిగాక తీసుకోవాలి. ఆ రోజు మొదటి షిఫ్టు దిగి ఫోను తెరిస్తే మా ఆయన చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. పాపకేమైందో అని వెంటనే తిరిగి కాల్ చేశాను. ఫోను ఎత్తగానే ఆయన, "ఆంటీ పోయింది. పొద్దుగాల చాయ్ తాగుదామని కూసున్నదట, గట్లనే ఒరిగిందట" అన్నాడు. హమ్మయ్య, పాప కాదు అనుకున్నాను ముందు. ఆ వెంటనే గేటు పక్క అరుగు మీద కూలబడి ఏడ్చాను.

కంపెనీ బస్సు డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఎవరి ఏడుపు కోసమూ ఆగే బస్సు కాదది. మా లైనులో పనిచేసే ఆడవాళ్లే రెక్క పట్టుకుని ఎక్కించారు.

పటేల్‌గూడలో మేం కిరాయికి ఉండే ఇల్లు ఆంటీ వాళ్లది. ఆంటీ వాళ్లు, కొడుకూ కోడలితో సహా, పైన ఉంటారు, మేం కింద. సంగారెడ్డిలో తరతరాలుగా ధాన్యం వ్యాపారం చేసిన షావుకార్ల కుటుంబం. నీసు వాసన కూడా పడదు. మేం హత్నూర దగ్గరి పల్లె నుంచి వచ్చిన వ్యవసాయం వాళ్లం, మాకు గుడ్డు లేకపోతే పొద్దు గడవదు. ఆమెకూ నాకూ చుట్టరికం లేదు. ఆమెను తలచుకుని రాయడానికి నువ్వెవరివి అని మీరు అడగవచ్చు. మెడలో కంపెనీ కార్డు వేసుకుని ఇవాళ్టికీ నేను పనికి పోతున్నానంటే ఆమె వల్లనే. అందుకని రాస్తున్నాను.

ఆంటీ దేవతేమీ కాదు, ముందే చెబుతున్నాను. నా ఒంటి మీద సబ్బు ఉండగానే మోటరు బంద్ చేసేది. మెట్ల మీద చెప్పులు కనిపిస్తే చీపురుతో కిందికి నెట్టేది. మా ఇంట్లో గుడ్డు ఉడుకుతుంది కాబట్టి మంచినీళ్లు కూడా తాగేది కాదు, ఎంతసేపు మాట్లాడినా గడప బయటే కూర్చునేది. నాకు కోపం వచ్చేది. ఇంత చాదస్తం ఏంటమ్మా అని గొణుక్కునేదాన్ని. వినపడితే వినపడనీ అని కొంచెం గట్టిగానే గొణిగేదాన్ని.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊళ్లో మా మరిది ఇల్లు విప్పి కట్టిస్తుంటే, మా అత్తమ్మ శ్రావణమాసం మా దగ్గర గడుపుతానని వచ్చింది. శ్రావణంలో మా ఇళ్లలో నీసు ముట్టరు, గుడ్డు కూడా. అంతవరకు ఎలాగో పడవచ్చు. కానీ అత్తమ్మకు ఇంకో పట్టింపు ఉంది. శ్రావణం నెలంతా ఇంట్లో సద్ది ఉండకూడదు. రాత్రి కూర పొద్దున్నకు పనికిరాదు. స్నానం చేసి, పొయ్యి ముట్టించి, ఆ పూటది ఆ పూటకే వండాలి.

మా ఇంటి సంగతి చూస్తే, నాదీ మా ఆయనదీ షిఫ్టుల బతుకు. సాయంత్రం ఇంత కూర చేసి ఫ్రిజ్‌లో తోసి, మర్నాడు డబ్బాల్లోకి సర్దుకోవడమే. వచ్చిన రోజే అత్తమ్మ ఫ్రిజ్ తెరిచి చూసింది.

"గీ పెట్టె నిండ సద్దే ఉన్నది గదనే! శ్రావణమాసంల నా కొడుకు సద్ది తినాల్నా?"

"పొద్దుగాల అయిదింటికే బస్సు అత్తమ్మా. ఎప్పుడు వండాలె?"

"నాకేమెరుక? శ్రావణం ఒడిసేదాంక సూస్త. పూటకింత పొయ్యి ముట్టియ్య చాతకాకపోతే నౌకరి ఇడిసిపెట్టి ఇంట్ల కూసో."

మా ఆయన పళ్లెంలోకి చూస్తూ నమిలాడు. ఆయనకు ఆ విద్య బాగా వచ్చు.

అత్తమ్మే వండవచ్చు కదా అంటారేమో. ఊళ్లో కట్టెల పొయ్యి మీద నాట్ల కూలీలందరికీ వండిపెట్టే మనిషి, గ్యాసు పొయ్యి దగ్గరికి మాత్రం వచ్చేది కాదు. అది బుస్సుమంటుందని భయం. నేను వెలిగిస్తుంటే వాకిట్లోకి వెళ్లి నిలబడేది.

అటు కంపెనీలో నేనింకా పర్మనెంట్ కాలేదు. ఆ నెలలోనే బయటి దేశం వాళ్లు వచ్చి ఆడిట్ చేస్తారని, అది ముగిశాక ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో తేలుస్తామని సూపర్‌వైజర్ చెప్పాడు. బస్సు తప్పిపోయినా, చెప్పకుండా నాగా పెట్టినా ఇక రానక్కరలేదు. ఊళ్లో ఇంటర్ చదివి పెళ్లి చేసుకున్నాక, కోడలా, వదినా, పాప తల్లీ అనకుండా నన్ను నా పేరు పెట్టి పిలిచిన మొదటి చోటు అది. ఆ ఉద్యోగం వదులుకోవడం నా వల్ల కాదు.

ఆ సాయంత్రం వెనక వాకిట్లో గిన్నెలు తోముతూ నా కసి అంతా వాటి మీద చూపిస్తున్నాను. పైనుంచి గొంతు వినిపించింది.

"ఏందే పిల్లా, గిన్నెలు తోముతున్నవా, పలగ్గొడుతున్నవా?"

ఆంటీ దిగి వచ్చింది. నేను ఏడుస్తూ చెప్పుకున్నాను. జాలి పడుతుందనుకున్నాను. అస్సలు పడలేదు.

"సద్ది తినొద్దంటే తప్పేమున్నది? మేం గూడ తినం. నీకు తెలివి లేక ఏడుస్తున్నవ్. వండితేనే గదా సద్ది అయ్యేది? వండనిది సద్ది ఎట్లయితది?"

నాకు అర్థం కాలేదు. ఆమె గడప బయట కూర్చుని విడమరిచింది. పొద్దుగూకాక పొయ్యి ముట్టించకు. కందిపప్పు కడిగి నానబెట్టు, పొద్దున గబుక్కున ఉడుకుతుంది. చింతపండు నానబెట్టు. చిక్కుడుకాయో గోరుచిక్కుడో తుంచి డబ్బాలో పెట్టు. తోటకూర ఏరి, తడి లేకుండా పాత నూలుగుడ్డలో చుట్టు. బెండకాయ మాత్రం కోయకు, కడిగి తుడిచి ఉంచు, లేకపోతే జిగురు పడుతుంది. ఆదివారం పూట పల్లీలు, నువ్వులు, ఎండుమిరపకాయలు వేయించి పొడి కొట్టిపెట్టు. పచ్చడిని సద్ది అనరు, పొడినీ అనరు.

"పొద్దుగాల తానం చేసి రాంగనే రెండు పొయ్యి మీద, ఒకటి చేతిల. గంతే."

ఇదే ఆమె సూత్రం. ఒక పొయ్యి మీద కుక్కర్, అడుగున పప్పు, పైన చిన్న గిన్నెలో బియ్యం. రెండో పొయ్యి మీద కూర, దించే ముందు రెండు చెంచాల పల్లిపొడి. మూడోది పొయ్యి ఎక్కనిది. పచ్చిపులుసు అన్నమాట. చింతపండు రసంలో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ చేత్తో నలిపి, నువ్వులపొడి వేస్తే అయిపోయింది. కుక్కర్ దానంతటది కూస్తుంటే మనం ఉత్తగా నిలబడి చూసే ఆ కాసేపట్లో ఇది తయారవుతుంది. చివరికి ఒకే గరిటెలో పోపు పెట్టి మూడింటికీ పంచాలి. పనులకు పోయే మీ అందరికీ చెబుతున్నాను, ఇందులో మాయ ఏమీ లేదు. ఎసరు మరిగేదాకా చేతులు కట్టుకుని నిలబడకుండా ఉండడమే.

ఇదంతా ఆమె ఎక్కడ నేర్చిందంటే అత్తగారింట్లో. ఆమె భర్త పొద్దు పొడవకముందే దుకాణానికి పోయేవాడట. అంగడి రోజు ధాన్యం తెచ్చిన రైతులు ఎప్పుడొస్తే అప్పుడు విస్తరి వేయాల్సిందేనట. "నాకెవరు నేర్పిండ్రే? తిట్లు తిని నేర్చుకున్న" అనేది.

నాక్కూడా తిట్లతోనే నేర్పింది. పైనుంచే వాసన పట్టేది. "మెంతులు మాడ్చినవ్! పోపు పారెయ్, మళ్ల పెట్టు!" అని కిటికీలోంచి అరిచేది. కుక్కర్ కూత విని పప్పులో నీళ్లు తక్కువయ్యాయని చెప్పేది. ఇంకా తెల్లవారకముందే వీధి వీధంతా వినేలా నా వంట మీద తీర్పు వచ్చేది. సిగ్గుతో చచ్చేదాన్ని. కానీ బస్సు ఒక్కరోజు కూడా తప్పలేదు.

అత్తమ్మ ఏమీ మెచ్చుకోలేదు. మధ్యాహ్నానికి అన్నం చల్లారిపోతోందని మూతి ముడిచేది. ఆడిట్ రోజు దగ్గర పడుతున్న కొద్దీ నాకు నిద్ర పట్టడం మానేసింది.

ఆడిట్ శనివారం వచ్చి పడింది. శ్రావణ శనివారం అత్తమ్మకు ఒక్కపొద్దు, మధ్యాహ్నం ఒక్కసారే భోంచేస్తుంది. మా ఆయన రాత్రి షిఫ్టులో ఉన్నాడు. నేను లేచేసరికి కరెంటు లేదు. ఫోను లైటు పెట్టుకుని స్నానానికి వెళ్లాను. వచ్చి ఫ్రిజ్ తెరిస్తే ఖాళీ. పప్పు లేదు, చిక్కుడుకాయ లేదు, చింతపండు లేదు. డబ్బాలన్నీ శుభ్రంగా కడిగి అరుగు మీద బోర్లించి ఉన్నాయి.

"అత్తమ్మా, ఇండ్ల పప్పు ఏది?"

"పారబోసిన."

"పారబోసినవా!"

"పుల్లగ వాసనొస్తున్నది. శనివారం పూట ఇంట్ల సద్ది పెట్టుకొని దీపం ఎట్ల ముట్టియ్యాలె? నువ్వు లేసేలోపట్నే అన్ని కడిగి బోర్లేసిన, సూడు."

నాకు సాయం చేశానన్న తృప్తి ఉంది ఆ గొంతులో. అదే నన్ను కాల్చింది. నేను అంతవరకు మా అత్తమ్మ ముందు గొంతు పెంచి ఎరగను. ఆ రోజు అరిచాను.

"ఆ పులుపు చింతపండుది! అది సద్ది గాదత్తమ్మా, ఇయ్యాల్టి వంట! ఒక్కటి గూడ వండలే అండ్ల!"

ఆమె నమ్మలేదు. చీకట్లో పప్పు గిన్నెలో చెయ్యి పెడితే తడితడిగా, చల్లగా తగిలిందట. రాత్రి మిగిలిన పప్పే అనుకుంది. ఫోను లైటు పట్టుకుని నీళ్లు పోయే మోరీ దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. జాలీ మీద కందిపప్పు గింజలు పసుపుపచ్చగా పరుచుకుని ఉన్నాయి. ఒక గింజ తీసి వేళ్ల మధ్య నొక్కింది. నలగలేదు. ఇంకోటి తీసి నొక్కింది. అప్పుడు మొహం పాలిపోయింది. నోరు మాత్రం తగ్గలేదు.

"ముందుగాల నాకు సెప్పొద్దా?"

బస్సుకు వేళవుతోంది. ఆయన డ్యూటీ దిగి ఆకలితో వస్తాడు. పాప బడికి పోవాలి. ఒక్కపొద్దు మనిషికి వేడి అన్నం లేదు. నేను ఆగిపోతే కంపెనీలో నా పని అయిపోయినట్టే. వెళ్లిపోతే శనివారం పూట ఇంట్లో పొయ్యి వెలగలేదని అత్తమ్మ ఊరంతా చెబుతుంది, ఇంకేముంది, నౌకరి బంద్. మళ్లీ మొదట్నుంచి మొదలుపెడదామంటే నానబెట్టే టైం లేదు. బియ్యం డబ్బా మూత కూడా తీయలేకపోయాను.

కిటికీ చువ్వల మీద తాళంచెవుల చప్పుడైంది. మా అరుపులు విని ఆంటీ దిగింది. మోరీ చూసింది, బోర్లించిన డబ్బాలు చూసింది, ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆనాటి వరకు దాటని గడప దాటి, నేరుగా వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"నువ్వు నడువు. బస్సు పోతది."

"ఆంటీ, ఇంట్ల ఏం లేదు, పాప..."

"ఇంట్ల మనిషి లేదా?" అని అత్తమ్మ వైపు తిరిగింది. "అక్కా, నాట్లప్పుడు ఎంతమందికి వండుతవ్?"

"ఎంతమందొస్తె అంతమందికి."

"మరి గీ బుడ్డ పొయ్యికి భయపడ్తవా?"

"అది బుస్సుమంటది సావుకారమ్మా. నాకద్దు."

"బుస్సుమంటే అననియ్. పామా, కరుస్తదా? పట్టు." అత్తమ్మ చేతిలో లైటరు పెట్టింది. "ఆమె నౌకరి నీకు ఇష్టం లేదు, సరే. గది మీ ఇంటి ముచ్చట, నేను నడుమల రాను. గని ఇయ్యాల ఆమె పప్పు నువ్వు పారబోసినవ్. పారబోసిన చేతుల్తోనే వండాలె."

అత్తమ్మను ఆ మాట అన్నవాళ్లు ఊళ్లో లేరు. ఏం జరుగుతుందో చూడడానికి నాకు టైం లేదు. చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తాను.

ఆ రోజు ఎలా గడిచిందో నాకే తెలుసు. నెత్తికి టోపీ, మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు, ముందు మాత్రల అట్టలు కదిలిపోతున్నాయి. ఆడిట్ వాళ్లు వెనక నిలబడి చూస్తున్నారు. నా కళ్ల ముందు మా వంటిల్లే. గ్యాసు తిప్పి లైటరు కొట్టడం ఆలస్యం చేస్తే? ఆంటీ మధ్యలో పైకి వెళ్లిపోతే? పాప పక్కనే ఉంటే? చుట్టూ మందుల ఫ్యాక్టరీలే ఉన్న మా ఏరియాలో మంటలంటే అందరికీ హడలే. ఆ పొద్దున బయట రోడ్డు మీద సైరన్ వినపడితే అది మా వీధికేనేమో అనుకున్నాను. ఫోను సెక్యూరిటీ దగ్గర ఉంది. అడిగే దారి లేదు. ఆడిట్ ఆవిడ నన్నేదో అడిగింది, సూపర్‌వైజర్ తెలుగులో చెప్పాడు, నేను జవాబు చెప్పాను. ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తు లేదు. ఆమె తల ఊపి ముందుకు పోయింది.

షిఫ్టు దిగి బస్సు మలుపులో ఆపీ ఆపకముందే దూకాను. మా వీధిలో మనుషులు గుంపుగా ఉంటారేమో అని చూశాను. ఎవరూ లేరు. ఇంటి ముందు పాప మేకపిల్లలా గెంతుతోంది. లోపల్నుంచి అరుపులు వినిపిస్తున్నాయి.

"పచ్చిపులుసుల బెల్లమేంది సావుకారమ్మా, పాయసమా?"

"జెర ఏస్తే సచ్చిపోతవా? పులుపు గొంతు పట్టదు."

"మా దిక్కు ఎయ్యరు!"

"మీ దిక్కు నానబెట్టిన పప్పు గూడ పారబోస్తరు!"

నేను గడపలో నిలబడి ఏడుస్తూ నవ్వాను. అత్తమ్మ ఎడమ కనుబొమ్మ చివర పొయ్యి మంట తగిలి కాస్త కమిలి ఉంది. పొయ్యి మీద పెసరపప్పు, ఆనపకాయ కూర పొగలు కక్కుతున్నాయి. ఎవరూ ఎవరికీ సారీ చెప్పలేదు, మా ఇళ్లలో ఆ మాట వాడకం తక్కువ. అత్తమ్మ నావైపు చూడకుండా పళ్లెం పెట్టింది. "కూసో. సల్లారకముందు తిను" అంది.

దసరాకు ముందే నేను పర్మనెంట్ అయ్యాను. ఆ వార్త చెప్పినప్పుడు ఆంటీ ఊరుకోలేదు. "అక్కా, ఇప్పుడేమంటవ్? నౌకరి ఇడిసిపెట్టాల్నా?" అని అడిగింది. అత్తమ్మ కళ్లు పెద్దవి చేసి, "నేనెప్పుడన్న?" అంది. ఆంటీ మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఊళ్లో ఇల్లు కట్టడం అయిపోయినా అత్తమ్మ పోలేదు. ఇద్దరికీ రోజూ బెల్లం తగాదా లేకపోతే తోచేది కాదు. ఆంటీ మా ఇంట్లో తినడం మాత్రం ఎప్పుడూ తినలేదు. ఆ పట్టింపు ఆమెది, నాకు మొదట్లో ఉన్న కోపం తర్వాత పోయింది. పక్క పోర్షన్‌లోకి బీహార్ నుంచి వచ్చిన కొత్త జంట దిగితే ఆ పిల్లకూ కిటికీలోంచే పాఠం చెప్పేది, "పహ్లే దాల్ భిగో, ఫిర్ సబ్జీ కాట్" అని, ముందు పప్పు నానబెట్టి తర్వాత కూర తరగమని. ఈ ఏడాది మోకాళ్లు పట్టేసి దిగడం తగ్గింది. అయినా ముక్కు తగ్గలేదు. పోయిన వారం కూడా జీలకర్ర మాడిందని పైనుంచి కేకేసింది. మాడింది నిజమే.

ఆమెను సాగనంపి వచ్చాక ఆ రాత్రి ఎవరమూ సరిగా తినలేదు. సావు ఇంట్లో పొయ్యి వెలిగించరు, వండి ఇచ్చేది ఇరుగుపొరుగే. కానీ మేం ఇస్తే వాళ్లు ముడతారా అన్నది నాకు అనుమానం. మర్నాడు సెలవు పెడదామనే అనుకుని పడుకున్నాను.

తెల్లవారకముందే పప్పు వాసనకు మెలకువ వచ్చింది. అత్తమ్మ తలస్నానం చేసి పొయ్యి ముందు నిలబడి ఉంది. వంట అయిపోయింది. పప్పును ఆమె ఇత్తడి గిన్నెలోకి వంపుతోంది. అది దేవుడికి నైవేద్యం పెట్టే గిన్నె. మైల తగులుతుందని నన్ను కూడా నెలలో కొన్ని రోజులు ముట్టుకోనివ్వని గిన్నె.

"అత్తమ్మా, అది దేవుని గిన్నె. సావింటికా?"

"ఎరికే. నీసు తాకని గిన్నె మనింట్ల ఇంకోటి యాడున్నది? ఒచ్చినంక తానం జేసి, సింతపండు పెట్టి తోముకుంట. దేవుడేమంటడు?"

"నేను గూడ వస్త. ఇయ్యాల డ్యూటీకి పోను."

అత్తమ్మ నావైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎందుకు పోవు? ఆ మనిషి నిన్ను బస్సెక్కిచ్చెతందుకు నాతోని ఇన్నేండ్లు కొట్లాడింది. నువ్వు నడువు. ఇది నా పని."

డబ్బా నా చేతిలో పెట్టి బయటికి తోసింది. బస్సు మలుపు దగ్గర ఆగి ఉంది. కిటికీ పక్కన కూర్చుని, వీధిదీపం వెలుగులో కనిపిస్తున్న మా ఇంటి బయటి మెట్ల వైపు వెనక్కి చూశాను. అత్తమ్మ తడి జుట్టు ముడేసుకుని, గిన్నె మీద కొంగు కప్పి, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ పైకి ఎక్కుతోంది. బస్సు కదిలింది. పైన తలుపు తెరుచుకుంది. ఆంటీ కోడలు బయటికి వచ్చి, రెండు చేతులూ చాచి ఆ గిన్నె అందుకుంది.